ఎండిన రాయిలో కాగిన నీళ్లు

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. వంద కోట్ల ఏళ్ల నాటి రాళ్లతో పని చేసేవాడికి, నిన్నమొన్న పోయినవాళ్లను పట్టించుకునే తీరిక ఉండదు.

పందొమ్మిదివందల యాభైల మధ్యలో, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కోయిలకుంట్ల దగ్గరి పాత సీసపు గుంతలకు వెళ్లాను. ఎప్పుడో భూమి లోతుల్లో కాగిన నీళ్లు రాతి పగుళ్లలోకి ఎక్కి, చల్లారుతూ అక్కడ సీసపు ఖనిజాన్ని వదిలిపోయాయి. ఆ 'ఎప్పుడో' ఎప్పుడన్నది తేల్చడమే నా పరిశోధన.

తోడు మస్తాన్. రాళ్లు కొట్టి బతికేవాడు. ఇంటిల్లిపాదీ అతని కుడిచేతి మీదే తినేవాళ్లు.

మిట్టమధ్యాహ్నం. గుంత నడుములోతు. చుట్టుపక్కల చుక్క నీరు లేదు, పొయ్యి లేదు, దీపం కూడా లేదు. పగులు లోపల ఖనిజం ముక్క మెరిసింది. నేను ఉలి వెతికేలోగా మస్తాన్ మోచేతి దాకా కుడిచెయ్యి దూర్చాడు.

"కోడికింద గుడ్డు తీసినట్టు తీస్తా, సూడు సార్."

మరుక్షణం అరిచాడు. "నీళ్లు సార్! కాగిన నీళ్లు!"

ముక్క నా కాళ్ల దగ్గర పడింది. చెయ్యి చూస్తుండగానే బొబ్బలెక్కింది. అతని మడిచిన చొక్కాచేతి అంచు పట్టుకున్నాను. తడి. వేడి.

శాస్త్రం మీది గౌరవంతో నేనూ పగుల్లో చెయ్యి పెట్టాను, ఎడమది. చల్లటి దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు చూసి, "ఏమప్పా, గంజి వార్చేటప్పుడు కుండలో చెయ్యి పెట్టినావా?" అన్నాడు.

"మా ఇంట్లో వార్చేది నేను గాదు సార్. రాయిలో పెట్టినా."

ఇద్దరం తాగి వచ్చామా అన్నట్టు డాక్టరు నా వైపు చూశాడు.

పుండు మానింది కానీ వేళ్లు ఇక వంగలేదు. మస్తాన్ మళ్లీ సుత్తి పట్టలేకపోయాడు.

ఆ ముక్క విదేశపు ల్యాబుకు వెళ్లింది. అందులో ఏ రకం సీసం ఎంత ఉందో చూసి వయసు లెక్కకట్టారు. జవాబు సున్నాకు కింద వచ్చింది. అంటే ఆ సీసం ఇంకా పుట్టలేదు, ఇక ముందెప్పుడో పుడుతుంది. వేరే సీసం కలిస్తే ఇలా వస్తుందని మా ప్రొఫెసరు నవ్వేశారు. సీసం వరకు ఆ మాట నేనూ ఒప్పుకున్నాను.

కొన్నేళ్లకు కోయిలకుంట్ల సంతలో మస్తాన్ కనిపించాడు. ఎడమచేత్తో ఉల్లిగడ్డలు తూస్తున్నాడు.

"ఆ నీళ్లు యాడివో తెల్సిందా సార్?"

"అవి చల్లారి కోట్ల ఏండ్లాయెనప్పా."

"మరి నన్నెట్ల కాల్చె?"

ఆ నీళ్ల మీదే నాకు డాక్టరేటు ఇచ్చారు. ఆ సంగతి అతనికి చెప్పకుండా, నాకూ వీశెడు ఉల్లిగడ్డలు తూయమన్నాను.