'ఆ పొద్దున' దగ్గర ఆగిన మాట

మాట్లాడుతున్న మనిషిని సగం మాటలో ఆపినారు. ఆ మాట కోసం ఒక కుటుంబం ఏండ్ల తరబడి కాచుకోని ఉండింది. ఆపినవాళ్లు లా కాలేజీవాళ్లు. కారణం, టైము అయిపోయింది, బయట ముఖ్య అతిథి వచ్చి నిలబడినాడు. అది తప్పని ఆ పొద్దే చెప్పినాను. ఇన్నేండ్ల తర్వాత కూడా తప్పనే చెప్తున్నాను.

జరిగింది 2002లో, అనంతపురంలో. అప్పటికి నేను వకీలు గుమాస్తా పని చాలించుకోని ఇంట్లో ఉన్నాను. నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా మా వకీలు గారి బీరువాలో దొరికిందే. ఆయన కోర్టులో ఉన్నంతసేపూ ఆయన పుస్తకాలు నావి. ఇంగ్లీషు కూడా ఆ జడ్జిమెంట్లలోనే నేర్చుకున్నాను కాబట్టి, వంకాయను ఇంగ్లీషులో ఏమంటారో తెలియకముందే ఇంజంక్షన్ అంటే ఏమో తెలిసింది నాకు. పని మానుకున్నాక లోక్ అదాలత్‌లో, అంటే కేసును తీర్పు దాకా లాగకుండా రాజీతో ముగించే బెంచీలో, నన్ను సామాజిక కార్యకర్త కుర్చీలో కూర్చోబెట్టినారు. అది చూసి లా కాలేజీవాళ్లు పిలిచినారు, పిల్లలకు మీడియేషన్ నేర్పించమని.

మీడియేషన్ అంటే ఏమని చాలామంది అడుగుతారు. మధ్యలో కూర్చున్న మనిషి తీర్పు చెప్పడు. ఇద్దరి చేతా మాట్లాడించి, దారి వాళ్ల చేతనే వెతికిస్తాడు. మన ఊరి పంచాయితీలో పెద్దమనిషి కొంతసేపు విని, ఆఖర్న గుడ్లురిమి తేల్చేస్తాడు. ఇక్కడ గుడ్లురమకూడదు. వయసు పిల్లలకు ఇది నేర్పడం అంత సులభం కాదు. వాళ్లు లా కాలేజీలో చేరేదే వాదించడానికి కదా.

ఆ క్లాసులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. కాలేజీ వెనకాల రేకుల షెడ్డు. మధ్యాహ్నమైతే పొయ్యి మీద పెనం మాదిరి కాలేది. బుక్కరాయసముద్రం నుంచి సైకిళ్ల మీద వచ్చే పిల్లలు చెమటలు కార్చుకుంటా వచ్చి, మళ్లీ ఆ రేకుల కిందనే కూర్చునేవాళ్లు. రోల్‌ప్లే అని ఉంటుంది, తగవుకు వేషం కట్టి ఆడటం. మొగుడి వేషం వేసినవాడు పెండ్లాం వేషం వేసిన పిల్లను 'మేడమ్' అని పిలిచేవాడు. నేను గట్టిగా కేకలేస్తే 'సారీ మేడమ్' అనేవాడు. ఆ పిల్లల్లో ఒకరు సుకన్య. చిలమత్తూరు పిల్ల. తక్కువ మాట్లాడేది. ఎదుటివాడు మాట్లాడటం ఆపినా ఇంకా వింటున్నట్టే కూర్చునేది. ఆ గుణం నేర్పితే వచ్చేది కాదు.

కోర్సు చూసే లెక్చరర్ కోస్తా నుంచి వచ్చినవాడు. పాఠం బాగా చెప్పేవాడు, కాదనను. ఒకరోజు అన్నాడు, "ఎంతకాలం ఈ వేషాలండీ, ఒక నిజమైన తగాదా తీసుకురండి, పిల్లలు చూస్తారు" అని. నేను ఒక్క షరతు పెట్టినాను. మా సీమలో పంచాయితీ తెరిస్తే, మూసే దాకా ఎవరూ లేవరు. తగవు తెగకపోతే మళ్లీ ఎప్పుడు కూర్చునేదీ అక్కడే చెప్పి, ఇద్దరినీ ఇంటి దాకా ఎవరో ఒకరు వెంట పోయి దిగబెట్టి వస్తారు. పుండు కోసినాక కట్టు కట్టకుండా పంపించరు కదా. అట్లయితేనే తెస్తానన్నాను. ఆయన సరేనన్నాడు.

నేను తీసుకుపోయింది గోరంట్ల పక్క ఊర్లో హనుమంతరెడ్డిని, మారెప్పను. రెడ్డికి మెట్ట చేను, బోరు కింద కొంచెం వంగతోట. మారెప్పకు గొర్రెల మంద. పంట పీకినాక రాత్రిళ్లు మందను చేన్లో నిలిపితే చేనుకు ఎరువు, కాపరికి గింజలు. మారెప్ప నాయన కాలం నుంచి ఆ మంద నిలిచేది ఆ చేన్లోనే. అసలు మారెప్ప నాయనకు మొదటి గొర్రెపిల్లలు ఇచ్చి మందకు మొదలు పెట్టించింది రెడ్డి నాయన. ఊర్లో అందరూ ఆయనను పెద్దరెడ్డి అంటారు.

తోటకు పురుగుమందు కొడితే, గట్టు మీద వేపమండ గుచ్చి, కాపరితో ఒక మాట చెప్పాలి. మా పక్క అది రాయని చట్టం. ఒక సంవత్సరం రెడ్డి మందు కొట్టినాడు. గట్టు గడ్డి మీద కూడా పడింది. మండ లేదు, మాట లేదు. పొద్దున మంద లేచి ఆ గట్టు మీదుగా మేసుకుంటా పోయింది. మధ్యాహ్నానికి గొర్రెలు నోట నురగ పెట్టి ఎక్కడివక్కడ పడిపోయినాయి. మారెప్ప పోలీసు కేసు పెట్టినాడు. నా తోటలోకి మంద తోలినాడని రెడ్డి ఎదురు కేసు పెట్టినాడు. ఆ నుంచి వాయిదాలు. మారెప్ప మేత కోసం మందను కర్ణాటక దాకా తోలుకుపోయేవాడు గాని, ఆ చేను పక్క బాటలో నడవలేదు.

నష్టం ఇప్పిస్తామని వకీళ్లు చెప్పి చూసినారు. మారెప్ప వినలేదు. నాతో ఒక్కటే అనేవాడు. "నాకు దుడ్లు వద్దప్పా. ఎందుకు చెప్పలేదో రెడ్డి నోటితో చెప్పమను. ఆ మాట ఇంటే ఆ పొద్దే కేసు తీసేస్తా."

కాలేజీలో ఆ పొద్దు మధ్యవర్తి కుర్చీ సుకన్యది. చేతికి గడియారం ఇచ్చి, గంటలోపల ముగించమని లెక్చరర్ చెప్పినాడు. ముందు ఇద్దరి చేతా మాట్లాడించింది. మారెప్ప గొర్రెల పేర్లు చెప్పుకుంటా పోయినాడు, ఒక్కొక్కటి ఏ పక్కకు ఒరిగిందో. పిల్లలు రాసుకోవడం మానేసి వింటా కూర్చున్నారు. రెడ్డి నేల చూస్తా ఉన్నాడు. తర్వాత కాకస్, అంటే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి విడిగా మాట్లాడటం. రెడ్డితో ఆ పిల్ల చాలాసేపు కూర్చున్నది. తిరిగొచ్చి మారెప్పకు ఎదురుగా కూర్చున్నప్పుడు, రెడ్డి మొగం కడుక్కున్నట్టు తడిగా ఉంది. ఆ కేసు మొదలయినప్పటి నుంచి మారెప్ప మొగం చూసి మాట్లాడింది అదే మొదటిసారి.

"మందు కొట్టినప్పుడు చెప్పల్లని నాకు తెలుసు మారెప్పా. ఆ పొద్దున..."

అంతే. తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్, వెనక ముఖ్య అతిథి, దండలు, ఫొటో తీసేవాడు. లెక్చరర్ లేచి, "ఓకే, టైమ్ అయిపోయింది, వెరీ గుడ్ సెషన్" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టినారు. పాపం, వాళ్లకు చెప్పినట్టు చేసినారు. సుకన్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు. రెడ్డి నోరు తెరిచినట్టే ఉండి, మెల్లగా మూసుకున్నాడు.

మారెప్ప గొంగడి భుజాన వేసుకున్నాడు. "తెలిసే చేసినావన్నమాట" అని గొంతు లేపకుండా చెప్పి, ఆ దండల మధ్యలోంచి బయటికి పోయినాడు.

వరండాలో రెడ్డిని పట్టుకోని అడిగినాను, ఆ పొద్దున ఏమైంది, చెప్పప్పా, నేను పరిగెత్తి మారెప్పను ఆపుతానని. "అయిపోయిందిలే అన్నా" అన్నాడు. ఎంతో తెగించి నోటి దాకా తెచ్చుకున్నది మళ్లీ లోపలికి దిగిపోయింది. అట్లా ఒకసారి దిగిన మాట తొందరగా పైకి రాదు. బావిలో చెంబు మాదిరి.

లెక్చరర్‌తో ఆ సాయంత్రమే తగులుకున్నాను. ఆయన ఓపికగానే చెప్పినాడు, "డెమో అంటే అంతేనండీ, టైమ్ మేనేజ్‌మెంట్ కూడా ఒక స్కిల్ కదా" అని. స్కిల్! నేను అడిగినాను, డాక్టర్లకు నేర్పించేటప్పుడు కడుపు కోసి, గంట అయిందని లేచిపోతారా అని. షరతు పెట్టినప్పుడు ఊ కొట్టిన నోరే కదా ఇది అని. మీరు గాని, ప్రిన్సిపాల్ గాని ఊరికి వచ్చి మిగతాది వినండి అన్నాను. చూద్దామన్నారు. ఆ చూద్దాం అక్కడే ఉంది. నేనూ మళ్లీ ఆ కాలేజీ గడప తొక్కలేదు. ఇంతకుముందు అది పొరపాటేమో అని సగం మనసుతో ఉన్న మారెప్ప, ఇప్పుడు వకీలుతో గట్టిగా చెప్పినాడు. తెలిసి చేసినానని వాడే ఒప్పుకున్నాడు, ఇంక రాజీ మాట ఎత్తొద్దని. మేము తగవు తీర్చలేదు సరే, దానికి కొత్త ఎరువు వేసినాము.

మరుసటి నెలలో సుకన్య మా ఇంటికి వచ్చింది. "ఆ ఊరికి బస్సు ఎన్నింటికి సార్?" అని అడిగింది. ఏమిటికమ్మా అంటే, "వాచ్ నా చేతిలో ఉండింది కదా. ఆపింది నేనే" అన్నది. ఆపింది నువ్వు కాదని ఎంత చెప్పినా వినలేదు. ఇద్దరం పోయినాము.

రెడ్డి ఇంట్లో పంచలో మంచం మీద పెద్దరెడ్డి కూర్చోని ఉన్నాడు. తెల్లటి మీసాలు, గట్టి గొంతు. సుకన్యను చూసి, "ఏ ఊరు పాపా? మంద వచ్చిందా?" అన్నాడు. చిలమత్తూరని చెప్పింది. కొంచెంసేపటికి మళ్లీ అదే అడిగినాడు. మళ్లీ చెప్పింది. రెడ్డి గబుక్కున ముసలాయనకు లోటా అందించి, "కాఫీ తాగు నాయనా" అన్నాడు. నేను అప్పుడు దాన్ని ముసలితనం కింద జమకట్టి, నా ప్రశ్న అడగడానికి తయారవుతున్నాను. ఆ పిల్ల నాకు సందివ్వలేదు.

"మీ మాట మధ్యలో ఆపినాం. తప్పు. మిగతాది మీరెప్పుడు చెప్తే అప్పుడు వింటాను. చెప్పకపోయినా వస్తాంటాను" అన్నది రెడ్డితో. మేము పోయేటప్పుడు రెడ్డి చెరకు గడ ఇచ్చి పంపించినాడు.

చెప్పినట్టే వస్తుండేది. మారెప్ప ఇంటికి పోయి రొట్టె తినేది, రెడ్డి ఇంటికి పోయి కాఫీ తాగేది. ఆ ప్రశ్న మాత్రం ఎత్తేది కాదు. నాకు ఓపిక పోయింది. అడుగమ్మా, అడగకుండా ఎవరు చెప్తారంటే, బస్సులో కిటికీ బయటికి చూస్తా నవ్వింది.

"మీరు వకీలు గుమాస్తా కదా సార్, నోట్లో చెయ్యి పెట్టి లాగడమే అలవాటు మీకు. ఆ తాత ఎదురుగా ఉన్నంతకాలం ఆయన చెప్పడు."

నాకు అర్థం కాలేదు. దెప్పినందుకు కోపం వచ్చింది గాని, మళ్లీ అడగలేదు.

ఆ పిల్ల పరీక్షలు రాసింది, పట్టా తీసుకుంది, హిందూపురంలో జూనియర్‌గా చేరింది. వానలు పడినాయి, పడలేదు. కేసులు అట్లే ఉన్నాయి. తర్వాత పెద్దరెడ్డి పోయినాడు. దినాలకు మారెప్ప వచ్చినాడని, పందిట్లోకి రాకుండా బయటే గొంగడి పరుచుకోని పొద్దు గుంకేదాకా కూర్చున్నాడని, ఎవరితోనూ మాట్లాడకుండా లేచిపోయినాడని తెలిసింది. వారం తిరక్కముందే రెడ్డి మా ఇంటికి మనిషిని పంపించినాడు. ఆ యమ్మను పిలిపియ్యండి, మారెప్పను కూడా తోలుకు రండి, మిగిలిన మాట ఉండాదని.

ఈ కేసు నాకు నేర్పింది తర్వాత నా దగ్గరికి వచ్చిన పిల్లలందరికీ చెప్పినాను. మనిషి మాట్లాడుతూ ఆగితే, ఆ ఖాళీ మనది కాదు. అందులో మన మాట పెట్టకూడదు, మన గడియారం పెట్టకూడదు. మంచి ప్రశ్నలు అడగడం పుస్తకంలో ఉంటుంది. అడగకుండా పక్కన కూర్చోవడం సుకన్య దగ్గర నేర్చుకున్నాను, ఆ వయసులో. ఇప్పుడు ఆమెకే జూనియర్లు ఉన్నారు. ఆమె గదిలో కుర్చీలు, కాగితాలు, తాగే నీళ్లు ఉంటాయి. గోడకు గడియారం మాత్రం ఉండదు. రెండు కేసులూ రాజీ కింద కొట్టేసినారు. కోర్టు కాగితంలో కారణం ఒక్క ముక్కలో ఉంది. అసలు కారణం ఆ కాగితంలో లేదు.

రెడ్డి పిలిపించిన ఆ పొద్దు నలుగురమూ ఆ గట్టు మీదే కూర్చున్నాము. వంగతోట ఎప్పుడో ఎండిపోయింది. మారెప్ప మొగం పక్కకు తిప్పుకోని కూర్చున్నాడు. సుకన్య అడగలేదు. ఇంక తట్టుకోలేక నేనే అడిగినాను, ఆ పొద్దున ఏమైందప్పా అని. రెడ్డి నాకు కాకుండా మారెప్పకు చెప్పినాడు.

"ఆ పొద్దున మండ నరికి నాయన చేతికిచ్చినా మారెప్పా, గట్టు మీద గుచ్చి నీతో ఒక మాట చెప్పి రమ్మని. గొర్రెలు పడిపోయినాయని నీ కేక ఇనపడి పరిగెత్తేటప్పుడు చూస్తినా, నాయన ఆ మండ ఒళ్లో పెట్టుకోని, ఆకు దూస్తా కూచోని ఉండాడు. నన్ను చూసి, మంద వచ్చిందా అన్న్యాడు. నీ మందకు మొదటి పిల్లలిచ్చిన చెయ్యి అది. ఆయప్ప బతికుండగా, మతి పోయిందని ఆ మాట నేను యాడ చెప్పేది?"