మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్

అమీర్‌పేటలో నాలుగు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, మూడేళ్ల అనుభవం ఉందని చెప్పి ఉద్యోగం కొట్టడం ఆ రోజుల్లో మామూలే. మా టీమ్ లీడ్ కూడా అలా వచ్చినవాడే.

ఒకసారి మా పంజాగుట్ట ఆఫీసువాళ్లు మమ్మల్ని అండమాన్ తీసుకెళ్లారు. సన్నటి కయాక్ పడవల్లో తెడ్లు వేసుకుంటూ మూడు రోజులు దీవి అంచునే సాగాలి. గైడ్ తెలుగువాడే. "ఇంతకుముందు ఎవరైనా నడిపారా?" అని అడగ్గానే మా లీడ్ అలవాటుకొద్దీ, "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉందండీ" అన్నాడు. దాంతో ఈతరాని నన్ను ఆయన పడవలో ముందు కూర్చోబెట్టారు.

రెండో రోజు పెద్ద అలకు పడవ అడ్డం తిరిగింది.

"అన్నా, జల్ది తెడ్డెయ్యి!" అని అరిచాను.

ఆ మహానుభావుడు తెడ్డు వదిలేసి, వెనకనుంచి నా మెడ వాటేసుకుని, "నేనెప్పుడూ ఎక్కలేదురా బాబూ!" అని ఏడ్చాడు. పడవ బోల్తా కొట్టింది. లైఫ్ జాకెట్లు ఉండబట్టి, గైడ్ వచ్చి లాగేదాకా ఉప్పునీళ్లు కక్కుతూ తేలాం.

తిరిగొచ్చాక, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మా లీడ్‌ని, "సార్, మీకు కయాకింగ్ మస్తు వస్తదంట గదా! ఎన్నేళ్ల సంది చేస్తున్నరు?" అని అడిగింది. పక్కనే నేనున్నానన్న సిగ్గయినా లేకుండా, "ఐదేళ్లమ్మా" అన్నాడు.

ఆ మునకతో నాకు మిగిలింది నీళ్లంటే భయం. ఆయనకు మాత్రం రెండేళ్ల అనుభవం కలిసొచ్చింది.