కప్పు సంబరం

మా బాబాయి ఆఖరుగా చేసిన పని కుర్చీలవాడితో పోట్లాడటం. చేతులున్న కుర్చీలు అడిగితే చేతుల్లేనివి పంపుతానన్నాడట. "వచ్చినవాళ్ళు చేతులెక్కడ పెట్టుకుంటారు, నీ నెత్తినా?" అని ఫోన్లో అరిచి, చల్లారిన టీ తాగి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నాడు. ఇక లేవలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. బాబాయి విషయంలో అది మరీ పొట్టి వ్యాసం అవుతుంది. గోడకు మేకు కొట్టినా నలుగురిని పిలిచి చూపించే మనిషి. వెనకాల మేమంతా ఆయన్ని 'అధ్యక్షుడు' అనేవాళ్ళం. సభ లేకపోతే కల్పించుకునేవాడు.

ఇల్లూ అలాగే మొదలుపెట్టాడు. వాళ్ళుండే అద్దె వాటా కింద పిన్నికి బట్టలు కుట్టే కొట్టు ఉంది. ఆమె ప్రాణమంతా అందులోనే. ఆమెతో మాటమాత్రం అనకుండా ఊరి చివర స్థలం కొని, పునాది తవ్వించాక చెప్పాడు.

"ఆ ఇంట్లో నేను అడుగు పెట్టను," అంది పిన్ని, పళ్ళ మధ్య గుండుసూదులు తీయకుండానే.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను.

"మీ పిన్నితో చెప్పరా, కూరలో ఉప్పు తక్కువైందని."

"మీ బాబాయితో చెప్పు, ఉప్పు డబ్బా ఆయన మోచేతి దగ్గరే ఉందని."

ఇంటికి కప్పు పడగానే బంధువులందరినీ పిలిచి భోజనాలు పెడితే, వాళ్ళ ముందు పిన్ని రాక ఎక్కడికి పోతుందన్నది ఆయన ఎత్తు. కొత్త కప్పు మీద ఆమె కుర్చీ, పక్కన ఆయన కుర్చీ, ఎదురుగా చప్పట్లు కొట్టడానికి మేము. ఆమె రాకపోతే ఆ ఇల్లు ఆయనకు వట్టి గోడలే. ఆ సంగతి ఒప్పుకునే ధైర్యం లేక ఇంత హంగామా.

స్లాబు పోసిన రోజే కుర్చీలు వేద్దామంటే మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. "పచ్చి కాంక్రీటండీ. కూర్చుంటే దిగబడతారు. అమ్మగారూ మీరూ అలాగే గట్టిపడిపోతారు."

దాంతో కప్పు ఆరి, కింద నిలబెట్టిన కర్రలు తీసేదాకా సంబరం వాయిదా పడింది. ఈలోగా బ్యానరు. "కప్పు సంబరం అని పెద్దక్షరాలతో రాయి, పక్కన బొమ్మ కూడా వెయ్యి," అని పెయింటరుకు ఫోన్లో హుకుం జారీ చేశాడు. పెయింటరు గుడ్డ తెచ్చి పిన్ని కొట్టు ముందు విప్పితే, సాసరులో ఆవిరి కక్కుతున్న టీకప్పు.

"ఇంటి కప్పురా నేను చెప్పింది."

"ఇంటి కప్పే వేశానండీ. హోటలు కప్పయితే సాసరుండదు."

కొట్లో మిషను చప్పుడు ఆగింది. పిన్ని నవ్వుతోంది. ఎన్నాళ్ళకో విన్నాం ఆ నవ్వు. ఇంకెవరైనా అయితే వెంటనే లోపలికెళ్ళి నాలుగు మాటలు మాట్లాడేవాడు. ఈయన మీసం సవరించుకుని నావైపు తిరిగాడు.

"మీ పిన్నితో చెప్పు, మెత్త ఉన్న కుర్చీ తెప్పిస్తున్నానని."

చెప్పాను.

"మంచిది. ఆ కుర్చీనే కూర్చోమను," అంది.

రేపు సంబరం అనగా బాబాయి పోయాడు. చేతుల్లేని కుర్చీలు వచ్చాయి. బంధువులు వాటిమీద కూర్చునే ఏడ్చారు. అధ్యక్షుడు ఉండి ఉంటే ముందువరస ఎవరిదో తేల్చేదాకా ఎవరినీ ఏడవనిచ్చేవాడు కాదు.

చాలా రోజుల తర్వాత, కొట్లో గుడ్డ కత్తిరిస్తూ పిన్ని తనంతట తానే అంది. "మీ బాబాయి ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశారు. నన్ను మాత్రం రమ్మనలేదు. ఎప్పుడు రమ్మంటారో అని, సంబరం రోజుకి నేను ఎవరి బట్టలూ ఒప్పుకోలేదు."