బ్రైటన్ సముద్రంలో నా పేరున ఒక మునక

ఇరవై ఏళ్ళుగా నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు నవలలు చెబుతూ నేను వాటిల్లో వచ్చే బ్రైటన్ అనే సముద్రతీరపు ఊరి వీధుల్లో మనసులోనే తిరుగుతున్నాను. నిజంగా తిరిగొచ్చింది మాత్రం మా తోటికోడలు సుజాత. మా మరిదితో కలిసి ఇంగ్లండు టూరుకి వెళ్ళి, ఈ రోజు మధ్యాహ్నం ఫోన్లో ఫొటోలు చూపిస్తానని వచ్చింది.

"ఇదేందక్కా, మసీదా?" అంది ఒక గుమ్మటాల భవనం చూపించి. కాదు, ఒక రాజుగారి విలాస భవనం అని చరిత్రంతా చెప్పాను. సముద్రం ఎలా ఉందని మాత్రం ఒక్క ముక్క అడగలేదు. అడిగితే నా కుళ్ళు బయటపడుతుందేమోనని భయం. చివరికి, "ఆ సముద్రంలో మునిగితే రోగాలు పోతాయని పూర్వం అక్కడి డాక్టర్లే చెప్పేవాళ్ళు" అని కూడా వినిపించి నా పాండిత్యం ముగించాను.

సుజాత మొహం వెలిగిపోయింది. "అట్టాగా! అది నాకు తెలీదక్కా. పుష్కరాలప్పుడు రానోళ్ళ పేరున మునుగుతాం గదా, అట్టా నీ పేరు చెప్పి ఒక మునక వేశా. చానా చలి. మీ మరిది ఒకటే తిట్లు. నువ్వెప్పుడూ ఆ ఊరు గురించే చెబుతుంటావు గదా, అందుకని."

కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. సిగ్గుపడ్డానా అంటే, పడ్డాను. అసూయ తగ్గిందా అంటే, లేదు. ఆ చలి కూడా తనకే దక్కిందనిపించింది.

ఇంతకీ నేను బ్రైటన్ వెళ్ళినట్టా, వెళ్ళనట్టా? మీరే చెప్పండి.