మిరప కల్లంలో విన్న గంట

దయ్యాల కబుర్లు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. సమాధుల పక్క డొంకలో చీకటితోనే ఒంటరిగా పనికి వెళ్లినదాన్ని. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం ఏమని చెప్పాలో తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పర్చూరు దగ్గర మా ఊళ్లో, మస్తాన్ గారి మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి వెళ్లేదాన్ని. మొత్తం తొమ్మిది మందిమి ఆడవాళ్లం. నా కూతురికి అప్పుడు అయిదో నెల. కల్లం పక్కన తాటాకు పాకలో చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదాన్ని.

ఏప్రిల్ నెల. పొద్దుటి నుంచీ ఒకటే ఉక్క. మూడింటికి పడమట మబ్బు నల్లగా లేచింది. ఈదురుగాలి మొదలైంది. కాయల మీద పట్టలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, ఎప్పటిలాగే పాకలోకి దూరాం.

అప్పుడు మా చర్చి గంట మోగింది.

ఆదివారం కాకుండా గంట మోగిందంటే ఎవరిల్లో అంటుకుందని అర్థం. మా పల్లెలో అన్నీ తాటాకు ఇళ్లే.

"లెగండే! కొంపలు అంటుకున్నాయి!" అని మాతో పనిచేసే మరియమ్మత్త అరిచింది.

బిడ్డను చంకనేసుకుని పరుగెత్తాను. అందరం పరుగే. "పదండమ్మా, నేనూ వస్తన్నా!" అంటూ మస్తాన్ గారు కూడా బకెట్ పట్టుకుని మా వెనకే వచ్చారు.

పల్లెలో ఎక్కడా పొగ లేదు. చర్చి దగ్గర ఎవరూ లేరు. తలెత్తి చూస్తే గంట ఉంది గానీ, లోపల కొట్టుకునే ఇనప నాలుక లేదు. విరిగిపోతే అతుకు వేయించడానికి పాస్టరు గారు పొద్దున్నే బస్సులో చీరాల పట్టుకెళ్లారట. ఆయన భార్య చెప్పింది. వాళ్లిల్లు చర్చిని ఆనుకునే ఉంటుంది. ఆమెకి ఏ చప్పుడూ వినపడలేదట.

"మరి మేమందరం విన్నాం గదండీ" అని నేనంటుండగానే కళ్లు చెదిరేలా మెరిసింది. ఆ వెంటే పిడుగు. తిరిగి చూస్తే కల్లం పక్క తాడిచెట్టు తల మండుతోంది. నిప్పులు రాలి పాక భగ్గుమంది.

బిడ్డను గుండెకు అదుముకుని అక్కడే కూలబడ్డాను.

మంట కాయల రాశి అంచుకు పాకిందో లేదో, కుండపోతగా వాన దిగింది. మంట ఆరింది గానీ కాలిన మిరప ఘాటు గాలికి మా మీదకే వచ్చింది. ఇక ఒకటే తుమ్ములు.

"పిడుక్కి బతికి తుమ్ములకి పోయేట్టున్నామమ్మా!" అన్నారు మస్తాన్ గారు, ముక్కు పట్టుకుని.

అంతే, మరియమ్మత్త పకపకా నవ్వింది. వానలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం. నా బిడ్డ కూడా బుల్లి తుమ్ము తుమ్మి, మా గోల చూసి బోసినోటితో నవ్వింది. నేను ఏడుస్తూనే నవ్వాను. సాయంత్రం మస్తాన్ గారింట్లో అందరికీ పలావు.

మర్నాడు పాస్టరు గారు నాలుక బిగించి గంట కొట్టారు. మేమంతా కింద నిలబడి విన్నాం. మరియమ్మత్త తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదయ్యగారూ. నిన్నటిది మా నెత్తి మీదే మోగింది."

పక్క ఊరి గంటేమోనని వాకబు చేశాం. అక్కడా ఎవరూ కొట్టలేదు.

నా కూతురు ఇప్పటికీ అడుగుతుంది, ఆ చప్పుడు ఎలా ఉందమ్మా అని. ఆదివారం చర్చి గంట మోగినప్పుడు, ఇది మాత్రం కాదే అంటాను.