ఆయ్ తర్వాత మాట

మొన్న అమలాపురం నుంచి కొత్తపేట వెళ్తుంటే బస్సులో నా వెనక సీట్లో ఒక అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది. అవతలి మనిషి ఏం చెబుతున్నారో నాకు వినపడదు. ఈ పిల్ల మాత్రం "ఆయ్... ఆయ్... ఆయ్ అండి" అంటూనే ఉంది. గొంతులో ఎత్తూ పల్లం ఏమీ లేదు. కమ్మీ పట్టుకున్న నా చెయ్యి చల్లబడిపోయింది. మా కోనసీమలో ఆయ్ అనని మనిషి ఉండడు. మర్యాదగా పలకడానికీ, ఔననడానికీ మాకు అదే మాట. పెద్దవాళ్ళు పిలిచినా ఆయ్, కొట్లో సరుకు ఉందా అని అడిగినా ఆయ్. ఆ మాటకి ఎవరైనా భయపడతారా అని మీరు అనుకోవచ్చు. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు, సరిగ్గా చెప్పగలనో లేదో తెలియదు. సువార్తమ్మగారి గురించి చెబితే నా భయం మీకు అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళి తిరిగొచ్చిన మనిషిని. ఆ ఇంట్లో నా గదికి బయటినుంచి తాళం వేసేవారు. పిలిచాక పలకడం ఆలస్యమైతే దెబ్బ పడేది. ఏమడిగారో అర్థం కాకపోయినా ఔననాలి. ఒకసారి ఆలోచించుకుని కాదన్నాను. ఆ ఇంటావిడ ఇస్త్రీపెట్టె తెచ్చి నా ఎడమ చేతి మీద పెట్టింది. అంతకంటే రాయలేను. ఇంటికొచ్చాక అందరూ నన్ను చూసి సంతోషపడ్డారు. "మా మణి ఎంత నెమ్మదైపోయిందండీ, ఏమడిగినా ఆయ్ అంటాది" అని మా ఆడపడుచు వీధిలో చెప్పుకుంది. మా ఆయన కొబ్బరికాయల దింపు పని చేస్తారు, మంచి మనిషి. నా చేతి మీద మచ్చ చూసి "పొరపాటున తగిలిందా?" అని అడిగారు. "ఆయ్" అన్నాను. ఆయన కొబ్బరినూనె తెచ్చి రాశారు.

సువార్తమ్మగారిది మా వీధి చివర కొబ్బరితాళ్ళ షెడ్డు. ఆదివారం చర్చికి వెళ్ళడం తప్పితే ఆవిడ ఎప్పుడూ అందులోనే ఉండేవారు. గట్టి గొంతు. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఒకేలా అరిచేవారు. నేను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. ఇంట్లో ఊరికే కూర్చుంటున్నానని పనికి రమ్మన్నారు. తాడు పేనడమంటే ఒకరు రాట్నం తిప్పుతారు, ఇంకొకరు చంకలో పీచు పెట్టుకుని, కొంచెం కొంచెం వదులుతూ వెనక్కి నడవాలి. నాకు వెనక్కి నడవడం చేతకాలేదు. నాలుగడుగులు వేసి తిరిగి చూసేదాన్ని. తాడు తెగిపోయేది. "ఎవరున్నారే వెనకాల?" అని అరిచారు ఆవిడ. నేను తెగిన కొసలు ముడేస్తున్నాను. "కొబ్బరిచెట్టుంది. నీ వీపు తగిలితే అదే చెప్తాది, నడు" అన్నారు. తర్వాత ఎందుకో లేచి, ఆ చెట్టుకి ఆనుకుని నిలబడ్డారు. "ఇప్పుడు నేనున్నాను. రా" అన్నారు. అలా ఆవిడ వైపు వెనక్కి నడిచి నడిచి నేను తాడు పేనడం నేర్చుకున్నాను.

ఒకరోజు పని మధ్యలో ఆవిడ నావైపు అదోలా చూశారు. "మణీ, ఎండ మండిపోతోంది కదే" అన్నారు. "ఆయ్" అన్నాను. "వాన కూడా దంచేస్తోంది కదా." "ఆయ్." పక్కన పీచు చిక్కు తీస్తున్న ఆడవాళ్ళు నవ్వేరు. ఆవిడ నవ్వలేదు. "ఈ తాడుతోటి నీ కాళ్ళూ చేతులూ కట్టేసి గోదాట్లో తోసేద్దామా?"

"ఆయ్" అన్నాను.

"బాగుందండి, ఈ పిల్ల గోదాట్లోకైనా మర్యాదగానే వెళ్తాది" అని ఒకావిడ అంటే అందరూ మళ్ళీ నవ్వేరు. సువార్తమ్మగారు రాట్నం ఆపేశారు. అప్పుడు నా మాట నాకు వినపడింది. నన్ను చంపేస్తామంటే ఔనన్నాను. ఎవరో నా నోట్లో కూర్చుని పలికినట్టుంది.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళేసరికి మా ఆయన ట్రంకుపెట్టె తీసి వెతుకుతున్నారు. "పాస్‌పోర్టు ఎక్కడ పెట్టేవు? నిన్ను గల్ఫ్ పంపిన ఏజెంటు గారు ఆదివారం వస్తారంట" అన్నారు. ఎందుకండీ అన్నాను. ఆయన తెల్లబోయి చూశారు. "అదేంటి, మళ్ళీ వెళ్తావా అని ఆయన ఫోన్లో అడిగితే ఆయ్ అన్నావంట కదా. నువ్వు ఇష్టపడి వెళ్తానంటే నేనెందుకు కాదంటాను?" ఆ ఫోన్ వచ్చిన సంగతి నాకు గుర్తుంది. ఏజెంటు ఏమడిగాడో మాత్రం గుర్తు లేదు.

మర్నాడు సువార్తమ్మగారికి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "నీకు వెళ్ళాలనుందా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "ఇప్పుడు చెప్పకు. చంకలో పీచు అయిపోయేదాకా పేను. అప్పుడు చెప్పు" అన్నారు. ఆవిడ వైద్యం అంతా అదే. అది వైద్యమని ఆవిడకీ తెలియదనుకుంటాను. రోజంతా ఏదో ఒకటి అడిగేవారు, పీచు అయిపోయేదాకా జవాబు తీసుకునేవారు కాదు. ఒకసారి "టీ తాగుతావా?" అంటే వెనక్కి నడుస్తూ నడుస్తూ, నిజంగా కావాలా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. చివరికి "వద్దండి" అన్నాను. అని, దెబ్బ కోసం చూశాను. "అయితే నీది కూడా నేనే తాగేస్తా" అని ఆవిడ నా గ్లాసు లాక్కున్నారు. అంతే జరిగింది.

ఆదివారం ఏజెంటు వచ్చాడు. మా అరుగు మీద కుర్చీ వేశాం. చర్చి నుంచి ఇటే వచ్చి సువార్తమ్మగారు మెట్టు మీద కూర్చున్నారు. "ఈసారి ఇల్లు మంచిది, చెల్లెమ్మా. వెళ్తావు కదా?" అన్నాడతను. "ఆయ్" అన్నాను. అనకూడదని అన్ని రోజులు నేర్చుకున్న మాట దానంతటదే వచ్చేసింది. అతను కాగితాలు తీశాడు. నేను సువార్తమ్మగారి వైపు చూశాను, ఆవిడే చెబుతారని. ఆవిడ నావైపే చూస్తూ కూర్చున్నారు, నోరు విప్పలేదు.

"ఆయ్ అంటే విన్నానండి అని. వెళ్తానని కాదండి" అన్నాను.

అతను నవ్వి "మరి ఫోన్లో?" అన్నాడు. "అదీ విన్నాననే అండి. నేను వెళ్ళనండి." అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. "మణీ, మరి ఆ చెయ్యి? పొరపాటున తగిలిందా అంటే ఆయ్ అన్నావు" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కే మనిషి, ఆయన కాళ్ళు వణకడం అప్పుడే చూశాను.

కిందటేడు సువార్తమ్మగారికి జబ్బు చేసింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవిడ కూతురు వరండాలో ఏడుస్తోంది. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారంది. లోపలికి వెళ్ళాను. "మణీ, నేను మళ్ళీ షెడ్డుకి వస్తానంటావా?" అని అడిగారు ఆవిడ. ఆ గట్టి గొంతు సగం కూడా లేదు.

"ఆయ్" అన్నాను.

"అది కాదే. దాని తర్వాతది చెప్పు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాను. తర్వాత "రారండి" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు. "పొద్దున్నించి వచ్చినోళ్ళందరూ ఆయ్ అనే వెళ్ళేరు. కూర్చో. ఎవరికి ఏం చెప్పాలో, షెడ్డు ఏం చెయ్యాలో నీకు చెప్తాను" అన్నారు. భోజనాల వేళ దాటేదాకా చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.

ఆవిడ మళ్ళీ షెడ్డుకి రాలేదు. ఆ మాట అనాల్సింది కాదేమో అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. బతకాల్సిన మనిషితో అలా అంటారా అని మా ఆడపడుచు అంది. ఏమో. నా నోటికి ముందు వచ్చేది ఇప్పటికీ ఆయ్ అన్న మాటే. దాన్ని రానిచ్చి, నిలబడి, రెండో మాట కోసం చూస్తాను. కొన్నిసార్లు చాలాసేపు పడుతుంది. ఎదుటివాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.