పూజగది అద్దం, అత్తయ్య దగ్గు

ఈ గ్రూపులో మీరంతా రాసినవి చదివి దండం బొమ్మ పెట్టడమే తప్ప నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఈ రోజు పట్టుబట్టి ఒక పని సాధించాను, అందుకే రాస్తున్నాను.

మా పూజగది తలుపులకూ, పక్క కిటికీకీ అద్దాలే. చైతన్యపురి రోడ్డు దుమ్ము, దీపం మసి పట్టినప్పుడల్లా దుకాణంలో కొన్న, అద్దాలు తుడిచే నీలం మందు కొట్టి తుడిచేదాన్ని. ఆ ఘాటుకు ఆయాసం ఉన్న మా అత్తయ్య దగ్గుతూ జపం మధ్యలోనే లేచిపోయేవారు. నిన్నా అంతే. ఇక ఆ సీసా ఇంట్లో ఉండకూడదనుకున్నాను.

ఈ ఉదయం నిమ్మరసం వడగట్టి నీళ్లలో కలుపుతుంటే పై వాటా యాదమ్మ వచ్చింది.

"ఏంది వదినా, గింత పరేషాన్ ఎందుకు? దుకాణంల సీసా దొరుకుతది గదా!"

"సీసా దొరుకుతుంది వదినా, అత్తయ్యకు ఊపిరే దొరకడం లేదు" అన్నాను.

"అయితే పాత పేపర్‌తోని తుడువు, మస్తు మెరుస్తది" అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. కార్తీక మాసం కదా, ఏ పేజీ తిప్పినా శివయ్యే. నగల ప్రకటనలో కూడా లక్ష్మీదేవే! దేవుడి బొమ్మతో మసి తుడవడానికి చేయి రాలేదు. బీరువాలో మా వారి మెత్తటి పంచె కనబడింది. నిమ్మనీళ్లు చల్లి దాంతోనే తుడిచేశాను.

సాయంత్రం అత్తయ్య ఒక్కసారీ దగ్గకుండా జపం పూర్తి చేసి, "ఇవాళ స్వామి ముఖం ఎంత బాగా కనిపిస్తోందే అమ్మాయ్!" అన్నారు.

పేపర్లలో దేవుడి బొమ్మలను మీరేం చేస్తారో చెప్పండి. ఈ చిట్కా మీ దగ్గర దాచుకోండి, మా వారికి మాత్రం చూపించకండి. ఆయన ఇంకా పంచె వెతుకుతున్నారు.